ఆర్దళం కేసులో నా సాక్ష్యం

నాగర్‌కర్నూలు సర్కారు దవాఖానలో నేను కాంపౌండరుగా చేరిన మూడో ఏడు, ఎండలు ముదిరిన రోజుల్లో ఆ నటుణ్ణి మా దగ్గరికి తెచ్చారు. అంతకు ముందు ఆయన్ని రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఆడవేషంలోనే. గద్వాల పక్క పల్లెలో పుట్టిన మనిషి. నలభై దాటినా, రంగు పూసుకొని చీర కట్టి వచ్చాడంటే ఆయన మగవాడన్న సంగతి మరిచిపోయేవాళ్ళం. అమరచింత నుంచి, పాన్‌గల్ నుంచి బండ్లు కట్టుకొని జనం వచ్చేవారు. ఆయన వనపర్తిలో ఆడిన మరునాడు కొందరు ఆడవాళ్ళు కంసాలి ఇంటికి పోయి అట్లాంటి ముక్కుపుడకే కావాలని అడిగారని చెప్పుకొనేవారు. ఆయన నడక నడిచి చూపించని పిల్లలు మా వీధిలో లేరు.

పొద్దు పొడిచిన కొంచెంసేపటికి నాటకం కంపెనీ వాళ్ళు ఆయన్ని బండిలో వేసుకొచ్చారు. వాంతులు, విరేచనాలు. పిక్కలు గట్టిపడి మెలి తిరుగుతున్నాయి. ఆ నెలలో చుట్టుపక్కల మూడు ఊళ్ళలో గత్తర, అంటే కలరా, తగిలి ఉంది. మా డాక్టర్ సాబ్ నాడి చూశాడు, నాలుక చూశాడు, గిన్నెలో ఉన్నది చూశాడు. గత్తరే అన్నాడు. ఆయన స్థానంలో ఎవరున్నా ఆ పూట ఆ మాటే అనేవారు.

డాక్టర్ సాబ్ యాభై దాటిన ముస్లిం పెద్దమనిషి. రోగి ముందు గొంతు పెంచి ఎరుగడు. నన్ను 'బేటా' అని పిలిచేవాడు. సూది ఎట్లా మరిగించాలో, పుండు ఎట్లా కడగాలో నాకు నేర్పింది ఆయనే. గత్తర రోగి వాంతిని సున్నం పోసి గుంతలో పూడ్చాలి, గిన్నెలు ఫినాయిలుతో కడగాలి. అది సర్కారు కట్టడి. ఆ పొద్దున మూడుసార్లు గిన్నె నిండింది. మూడుసార్లూ నేనే తీసుకెళ్ళి గుంతలో పారబోసి, సున్నం చల్లి, గిన్నె కడిగి తెచ్చాను. శ్రద్ధగా కడిగాను. గిన్నె అడుగున మరక కూడా మిగలనీయలేదు.

మధ్యలో తడిగుడ్డతో ఆయన ముఖం తుడిచాను. చెవుల వెనక నుంచి పసుపుపచ్చటి రంగు గుడ్డకు అంటింది. ఇదేమిటని అడిగితే, అరుగు మీద కూర్చున్న ముసలాయన, ఇరవై ఏళ్ళుగా ఆయనకు రంగులు పూసే మనిషి, ఆర్దళం అని చెప్పాడు. ఆర్దళమంటే పసుపురంగు రాయి. నూరి నీళ్ళలో కలిపి పూస్తే దీపాల వెలుగులో ముఖం బంగారంలా కనిపిస్తుంది. అది పాషాణం జాతిదని, కడుపులోకి పోతే విషమని మందులు నూరేవాళ్ళకు తెలుసు. నాకూ తెలుసు. కానీ అప్పుడు నా ధ్యాసంతా ఆయనకు చుక్క నీళ్ళయినా కడుపులో నిలిచేదెట్లా అన్న దాని మీదే ఉంది.

పొద్దు నడినెత్తికి రాకముందే ఆయన పోయాడు.

ఆ తర్వాత ఆ ముసలాయన డాక్టర్ సాబ్ దగ్గరికి వచ్చి నోరు విప్పాడు. కంపెనీ యజమానికీ ఆ నటుడికీ వారం నుంచి మాటల్లేవు. ఆయన ఈ కంపెనీ వదిలేసి గద్వాలలో సొంతంగా మేళం పెట్టుకుంటానన్నాడు. ఏనాడూ లేనిది, రాత్రి ఆఖరి ఆట అయిపోగానే యజమాని తనే గ్లాసులో షర్బతు తెచ్చి ఇచ్చాడు. తాగిన గంటకు వాంతులు మొదలయ్యాయి. ఇదంతా పొద్దున్నే ఎందుకు చెప్పలేదని డాక్టర్ సాబ్ అడిగితే, యజమాని అక్కడే నిలబడి ఉన్నాడని అన్నాడు.

పోలీసు అమీను వచ్చాడు. దవాఖాన వెనక రేకుల గదిలో డాక్టర్ సాబ్ శవపరీక్ష చేశాడు. పక్కన దీపం పట్టుకొని, అడిగిన సామాను అందిస్తూ నేను నిలబడ్డాను. కడుపు లోపలి పొర ఎర్రగా, అక్కడక్కడ రక్తపు చారలతో ఉంది. ఆయన చాలాసేపు వంగి చూశాడు. తర్వాత తల ఎత్తకుండానే, "గత్తర కాదేమో బేటా," అన్నాడు. నాకు ఆ కడిగిన గిన్నె గుర్తొచ్చింది. ఆయనకూ గుర్తొచ్చి ఉంటుంది. కడుపు ఒక గాజుసీసాలో, కాలేయం ముక్క ఇంకొక దాంట్లో పెట్టి, ఉప్పునీళ్ళు పోసి, లక్కతో ముద్ర వేసి, ఒక జవాను చేతికిచ్చి హైదరాబాదుకు పరీక్షకు పంపాం. శవాన్ని వాళ్ళ ఊరికి తీసుకుపోయారు.

నెల దాటాక జవాబు వచ్చింది. పాషాణం ఉంది అన్న ఒక్క ముక్క. ఎంత ఉందో రాయలేదు.

యజమానిని జైల్లో పెట్టారు. విచారణ మొదలయ్యేలోపే ఊరంతా తీర్పు చెప్పేసింది. బజారులో నన్ను ఆపి, కడుపులో విషం దొరికిందట కదా అని అడిగేవారు. నేనూ గొప్పగా తల ఊపేవాణ్ణి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు.

జిల్లా జడ్జి ఊళ్ళు తిరుగుతూ దౌరా మీద నాగర్‌కర్నూలుకే వచ్చి విచారించాడు. కచేరీ గది సరిపోక జనం కిటికీలకు వేలాడారు. యజమాని తరఫున హైదరాబాదు నుంచి వకీలు వచ్చాడు. తెల్ల షేర్వాణీ, సన్నటి గొంతు. డాక్టర్ సాబ్‌కు ముందుగా సలాం చేసి, ఎంతో మర్యాదగా ప్రశ్నలు మొదలుపెట్టాడు. అంతా ఉర్దూలోనే నడిచింది. రోగిని చూడగానే ఏమనుకున్నారు? గత్తర అనుకున్నాను. ఆర్దళంలో ఏముంటుంది? పాషాణం ఉంటుంది. ఇరవై ఏళ్ళు వారానికి నాలుగుసార్లు ముఖానికీ పెదవులకూ ఆర్దళం పూసుకున్న మనిషి ఒంట్లోకి అది పోతుందా, పోదా? పోవచ్చు. అట్లా పోయినదా, ఒక్కసారిగా తాగినదా తేల్చే దారి ఉందా? డాక్టర్ సాబ్ ఉందన్నాడు. ఏళ్ళ తరబడి ఎక్కిన విషమైతే గోళ్ళలో కనిపిస్తుంది, రంగు తగలని కాలిగోళ్ళు పరీక్షకు పంపితే తెలిసేది. మరి పంపారా? పంపలేదు. ఎందుకు? తట్టలేదు.

వకీలు కాగితాలు కింద పెట్టాడు. "ఆ సీసాలో దొరికిన విషం షర్బతుదా, రంగుదా? మీరు ప్రమాణం చేశారు డాక్టర్ సాహెబ్."

"చెప్పలేను," అన్నాడు డాక్టర్ సాబ్.

కిటికీల దగ్గర గుసగుస లేచింది. జడ్జి బల్ల మీద చేత్తో కొట్టాడు.

తర్వాత నన్ను పిలిచారు. నన్ను మాత్రం వకీలు తెలుగులోనే అడిగాడు.

"ఆ వాంతి ఏం జేసినవ్?"

"సాఫ్ చేసిన," అన్నాను. మాకు అది రోజువారీ మాట. గుమాస్తా రాసుకొని ఉర్దూలో చదివి వినిపించాడు. విషం ఉందో లేదో తేల్చగలిగిన దాన్ని కాంపౌండరు తన చేతులతో పూర్తిగా సాఫ్ చేశాడు, అని వినబడింది. అట్లా కాదని, గత్తర కట్టడి అదేనని చెప్పబోయాను. వకీలు చెయ్యెత్తి ఆపాడు.

"గత్తర అని ఎవరన్నరు?"

"డాక్టర్ సాబ్."

"అయితే డాక్టర్ సాబ్ తప్పు జెప్పిండా?"

నేను డాక్టర్ సాబ్ వైపు చూశాను. ఆయన గోడవారగా కుర్చీలో, టోపీ మోకాలి మీద పెట్టుకొని కూర్చున్నాడు. తప్పు చెప్పలేదంటే అది గత్తరే అయిపోతుంది, హత్య లేదు. తప్పు చెప్పాడంటే నాకు పని నేర్పిన మనిషిని అంతమంది ముందు నేనే పడగొట్టినట్టవుతుంది. ఆయన నా వైపు చూసి తల కొంచెం ఊపాడు. తప్పు చెప్పాడనే అనమని ఆయన ఉద్దేశం. నాకు అప్పుడే అర్థమైంది. అయినా ఆ మాట అనలేకపోయాను.

"తెల్వదు," అన్నాను.

ఇక నన్ను ఏమీ అడగలేదు. వకీలు జడ్జికి వంగి సలాం చేసి కూర్చున్నాడు.

నాలుగు రోజులకు యజమానిని వదిలేశారు. నేరం రుజువు కాలేదని, షర్బతు ఇచ్చినంత మాత్రాన నేరం కాదని తీర్పు. ఆ సాయంత్రం దవాఖాన గోడ మీద ఎవరో పేడ కొట్టారు. తర్వాత కొన్నాళ్ళపాటు మందు కోసం వచ్చిన ఆడవాళ్ళు నా చేతి సీసా తీసుకోక డాక్టర్ సాబ్‌నే ఇమ్మని నిలబడేవారు. ఆయన ఇచ్చేవాడు. నేను పక్క గదిలోకి పోయేవాణ్ణి.

తీర్పు వచ్చిన రోజే ఆ నటుని తల్లి మా దగ్గరికి వచ్చింది. విచారణ జరిగినన్నాళ్ళూ కచేరీ మెట్ల మీదే కూర్చునేదట. ఆ వకీలు గోళ్ళ సంగతి ఏందో అడిగిండు, అదేందో చెప్పమంది. డాక్టర్ సాబ్ ఓపికగా చెప్పాడు. ఆమె విని, "మేము కాల్చలె సాబ్, పూడ్చినం. తవ్వుండ్రి. నేను పక్కనే నిలబడ్త," అంది.

డాక్టర్ సాబ్ ఆ రోజే పై అధికారులకు ఉర్దూలో పెద్ద ఉత్తరం రాశాడు. ఇంకొకటి రాశాడు. మూడోది రాశాక, మరుసటి ఎండాకాలానికి జవాబు వచ్చింది. కేసు ముగిసింది, సమాధి తవ్వవలసిన అవసరం లేదు. అదే టపాలో ఆయన బదిలీ ఉత్తర్వు కూడా ఉంది. సామాను సర్దుకోవడానికి నాలుగు రోజులే ఇచ్చారు. ఆమెకు కబురు కాగితం మీద పంపొద్దు, నువ్వు పోయి ఎదుట కూర్చొని చెప్పు అని నన్ను పంపాడు.

వనపర్తి దాకా బండిలో పోయి, వనపర్తి రోడ్డు స్టేషనులో రైలెక్కాను. కృష్ణ దాటేటప్పుడు నది ఎండి బండలు తేలి ఉంది. గద్వాలలో దిగి, ఊరు అడుగుతూ నడిచాను. ఆమె చాపమీద కూర్చొని నేతవాళ్ళకు నూలు కండెలు చుడుతోంది. నేనెవరో ఆమె మరిచిపోలేదు. పీట వేసి, చెంబుతో నీళ్ళిచ్చింది. వచ్చిన పని చెప్పాను. చెయ్యి ఆపకుండానే వింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

కొడుక్కి తొమ్మిదేండ్లప్పుడు ఊళ్ళోకి భాగవతులొచ్చిన సంగతి చెప్పింది. పిల్లవాడు వేషం కడతానని ఏడిస్తే, తనే సానరాయి మీద ఆర్దళం అరగదీసి వాడి ముఖానికి పూసిందట. తండ్రి వద్దన్నా వినలేదట. ఆ తర్వాత ఆరేడేళ్ళు ఏ ఆటకైనా ఆమే పూసింది.

"ఆ వకీలు చెప్పింది నిజమైతే నా కొడుకును నేనే సంపుకున్నట్టు గద బిడ్డా," అంది. "నాకు ఇంకేం వద్దు. జైలు వద్దు, ఏం వద్దు. వాడు రంగు తోటి పోయిండా, షర్బతు తోటి పోయిండా? గదొక్కటి చెప్పు."

నాకు తెలియదు. డాక్టర్ సాబ్‌కు తెలియదు. ఆ సంగతి ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. ఆమె రెండు చేతులూ నూలు మీదే ఉన్నాయి, వేళ్ళు మాత్రం కదలడం లేదు.

"షర్బతే పెద్దమ్మా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది.

"గీ మాట అదాలతుల ఎందుకనలే మరి?"

ఆమె మళ్ళీ అడగలేదు. లేచి లోపలికి పోయి జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి పెట్టింది. వద్దనే ధైర్యం లేక తిన్నాను. తినేసి లేచేటప్పుడు, ఎండ దిగినంక పో బిడ్డా అంది. నేను ఉండలేకపోయాను.

తిరిగి నాగర్‌కర్నూలు చేరేసరికి డాక్టర్ సాబ్ వెళ్ళిపోయాడు. కొత్త డాక్టరు వచ్చేదాకా పది రోజులు దవాఖానలో నేనొక్కణ్ణే. జ్వరాలకు, పుండ్లకు మందు ఇచ్చాను. ఒకాయన వాంతులవుతున్నాయని తన భార్యను బండిలో వేసుకొచ్చాడు. ఆమె వాంతితో నిండిన గిన్నెను కడగాలో, దాచాలో తెలియక చేత్తో పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను.