ఇద్దరు ముత్తక్కలు

బ్లెస్సీది భద్రాచలం దగ్గరి బూర్గంపాడు. తండ్రి బెంజమిన్ లారీ మెకానిక్. ఎం.సి.ఏ. పూర్తయ్యాక, 2005లో ఆమె హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీలో టెస్టర్‌గా చేరింది. ఆ కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసేది. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రామ్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ప్రోగ్రామ్ రాయడం చేతకానివాళ్లే ఈ పనికి వస్తారని పక్క సీట్లవాళ్లు అనుకునేవారు. బ్లెస్సీకి మాత్రం ఆ పని నచ్చింది.

ఒకసారి రోగుల పేర్లు నమోదుచేసే భాగాన్ని పరీక్షిస్తూ, తన వైపు ఊళ్లలో వినిపించే పేర్లు కొట్టింది. ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే, రెండో మనిషి పేరు కొట్టినా మొదటి మనిషి వివరాలే వస్తున్నాయి. వెళ్లి మేనేజర్‌కి చెప్పింది.

"వయసు చూసుకుంటారులే. చిన్న తప్పని రాసెయ్, తర్వాత సరిచేద్దాం" అన్నాడతను.

అడవి పల్లెల్లో ఒకే పేరు ముగ్గురు నలుగురికి ఉంటుందని, చాలామందికి తమ వయసెంతో తెలియదని ఆమె చెప్పబోయింది. ప్రోగ్రామ్ ఇచ్చేయాల్సిన గడువు దగ్గరపడింది, అందరూ విసుగ్గా ఉన్నారు. చెప్పకుండానే చిన్న తప్పని రాసేసింది.

మరుసటి ఏడు వానాకాలంలో మేనేజరే పిలిచాడు. భద్రాచలంలో తమ ప్రోగ్రామ్ వాడుతున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఒక మనిషి చనిపోయిందట.

"మీ వైపే కదా, వెళ్లి చూసిరా. టైపు చేసినవాళ్ల పొరపాటని తేలితే మనకు గొడవుండదు" అన్నాడు.

ఆసుపత్రి కౌంటర్‌లో పనిచేసే ఆరిఫాను అప్పటికే ఉద్యోగంలోంచి తీసేశారు. జరిగింది చెప్పడానికి ఆ రోజు మళ్లీ పిలిపించారు.

"ముత్తక్క అని కొట్టిన మేడమ్, ఊరు పేరు కొట్టిన. వచ్చిన చిట్టీనే నర్సుకిచ్చిన" అంది ఆరిఫా.

పడని మందులేవీ లేవని ఆ చిట్టీలో ఉంది. అది అదే ఊళ్లోని ఇంకో ముత్తక్కది. జ్వరంతో వచ్చిన ముత్తక్కకు పెన్సిలిన్ పడదు. అంతకుముందు వచ్చినప్పుడు ఆ సంగతి ఆమె పేరుమీద ఎక్కించారు కూడా. నర్సు చిట్టీ చూసి అదే సూదిమందు వేసింది. ముత్తక్క మంచం దిగలేదు.

బ్లెస్సీ కంప్యూటర్ ముందు కూర్చుని అదే పేరు, అదే ఊరు కొట్టింది. హైదరాబాద్‌లో చూసిందే మళ్లీ కనబడింది.

"ఇందులో నీ తప్పేం లేదు" అంది ఆరిఫాతో.

"గా మాట మా సార్‌కు చెప్పండి మేడమ్."

ఆసుపత్రి నడిపే డాక్టర్‌కి చెప్పింది. ఆయన విని, మీ కంపెనీతోనే మాట్లాడతామన్నాడు. బయట వరండాలో ముత్తక్క భర్త బొజ్జయ్య కూర్చుని ఉన్నాడు.

"మిషన్ల తప్పున్నదంటున్నరు. నిజమేనా అమ్మా?" అని అడిగాడు.

"నిజమే మామా."

"మీకు ముందుగాల్నే ఎరుకనా?"

ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అవ్" అంది.

ఆయన "ఎరుకుండి గట్ల ఊకున్నరా" అని, తల పక్కకు తిప్పుకున్నాడు.

తప్పు ప్రోగ్రామ్‌దేనని, ఏడాది ముందే కంపెనీకి తెలుసని బ్లెస్సీ నివేదిక రాసింది. కంపెనీ మాత్రం టైపింగ్ పొరపాటని ఆసుపత్రికి ఉత్తరం పంపింది. ఆరిఫాను తిరిగి తీసుకోలేదు. ఆ తర్వాత బ్లెస్సీకి చెప్పుకోదగ్గ పనేదీ అప్పగించలేదు. 2008 చివర్లో కంపెనీలో కొందరిని తీసేసినప్పుడు మొదట ఆమె పేరే వచ్చింది.

ఖమ్మంలో ఒక శిక్షణ సంస్థలో టెస్టింగ్ పాఠాలు చెప్పడానికి చేరింది. "సరిచేయడం ఎంత తేలికో చూసి తప్పును చిన్నదనొద్దు. దానివల్ల మనిషికేమవుతుందో రాయండి. ఎవరు వద్దన్నా రాయండి" అని చెప్పేది. పిల్లలు రాసుకుని, జీతాలెంత వస్తాయని అడిగేవారు.

ఆరిఫాకు ఫీజు లేకుండా నేర్పుదామని ఒక ఆదివారం భద్రాచలం వెళ్లింది. తల్లి అజ్మత్ బీ గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"కంప్యూటర్ ముంగట కూసుంటే దాని చేతులు వణుకుతున్నయమ్మా. దాన్ని ఇడిసిపెట్టు."

లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. ఆరిఫా బయటికి రాలేదు. కాసేపటికి మిషన్ మళ్లీ కదిలింది. బ్లెస్సీ చెప్పులేసుకుని బస్టాండ్ వైపు నడిచింది.