మామ్మగారి పదిహేను అక్షరాలు

మొన్న శుక్రవారం ఆరాధన అయ్యాక, మా చర్చి పిల్లలకు తెలుగు నేర్పే అమ్మాయి బోర్డు మీద క వరుస రాసి, చివరి ఙ తుడిచేసింది. "ఇది అక్కర్లేదర్రా, ఎవరూ వాడరు" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరూ వాడకపోవడమేమిటి! ఈ గల్ఫ్ ఊళ్ళోనే, అల్ తుమామా పేటలో ఒక విల్లాలో, తలుపులన్నీ బిగించిన గదిలో, నేను ఆ అక్షరంతో ఒక వేసవంతా వెళ్ళదీశాను.

అక్కడ నా డ్యూటీ పక్షవాతం వచ్చిన ఒక న్యూజిలాండ్ మామ్మగారిని చూసుకోవడం. వాళ్ళబ్బాయి వెస్ట్ బేలో ఇంజనీరు. నాలుగు రోజులు తన దగ్గర ఉండి వెళ్తుందని తల్లిని పిలిపించుకున్నాడు, ఆవిడ వచ్చీ రాగానే పడిపోయారు. విమానం ఎక్కితే ప్రాణానికే ముప్పన్నారు డాక్టర్లు. జబ్బు ఆవిడ ఇంగ్లీషు మొత్తం ఊడ్చుకుపోయి, చిన్ననాటి మావోరీ మాటలు, అంటే న్యూజిలాండ్ మూలవాసుల భాషవి, కొన్ని మాత్రం మిగిల్చింది. కొడుక్కేమో ఆ భాష ఒక్క ముక్క రాదు. బడిలో ఆ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న మామ్మగారు పిల్లాడికి నేర్పనేలేదట. "అవి మాటలు కావు, ఉత్త శబ్దాలు" అని తల పట్టుకునేవాడు పాపం.

మామ్మగారి చెల్లెలు న్యూజిలాండ్ నుంచి రోజూ పొద్దున ఫోన్ చేసేవారు. ఆవిడే నాకు గురువు. నీళ్ళు, నొప్పి, అవును, కాదు అని ఒక్కొక్కటే చెబుతుంటే తెలుగులో రాసుకునేదాన్ని. ఇక్కడ చర్చిలో పాటలు పాడే మాకు ఇది అలవాటే. మలయాళం పాటైనా, ఫిలిప్పీన్స్ పాటైనా తెలుగు అక్షరాల్లోకి దించేసి, అర్థం తెలియకపోయినా కళ్ళు మూసుకుని పాడేస్తాం. మామ్మగారి భాషకి అక్షరాలు పదిహేనే అంటే నవ్వొచ్చింది, యాభై ఆరూ కంఠతా పట్టించి నా ప్రాణం తీసిన పంతులమ్మ గుర్తొచ్చి. అచ్చులు ఐదే, కానీ సాగదీస్తే మాట మారిపోతుంది. ఎ వేరు, ఏ వేరు, అచ్చం మనలాగే. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. మన ఙ అయితే అక్కడ దర్జాగా మాట మొదట్లోనే కూర్చుంటుంది. స లేదు, ద లేదు. దాంతో నా పేరులో సగం ఎగిరిపోయి, మిగిలిన సగంతోనే పిలిచేవారు మామ్మగారు.

సాయంత్రమయ్యేసరికి ఆవిడ కిటికీ వైపు తిరిగి రెండే మాటలు అనేవారు. "ఆహెఅ? కాఇఙ?" ఎప్పుడు? ఇంటికి? కిటికీ అవతల ఎండకు తెల్లబోయిన ప్రహరీగోడ తప్ప ఏమీ లేదు. తలుపు తీస్తే వడగాలి, మూస్తే ఏసీ హోరు. "మామ్మ ఏమంటున్నదక్కా?" అని అడిగాడు ఆ ఇంటి డ్రైవర్, జగిత్యాల తమ్ముడు. చెప్పాను. "ఏడికి పోతది పాపం, కాళ్ళున్న మనమే పోలేకున్నం" అన్నాడు. నిజమే. నా కూతురికి నెలలు నిండాయి. పురుటికి వెళ్తాను, సెలవివ్వండి మొర్రో అంటే, నా బదులు మనిషి దొరకాలనేవారు నన్ను పనికి పెట్టిన కంపెనీవాళ్ళు. ఎప్పుడడిగినా "బుక్రా, బుక్రా." రేపట, రేపు!

మామ్మగారికి ఏం జవాబు చెప్పాలని కొడుకు పిన్నిని అడిగాడు. ఆవిడ "ఆపోపో" అని చెప్పమన్నారు. అంటే రేపు అని. కొడుకు ఆ మాట అనకుండానే గదిలోంచి వెళ్ళిపోయాడు. ఇక ఆ పని నా మీద పడింది. రోజూ ఆవిడ అడిగేవారు, నేను చెప్పేదాన్ని, ఆవిడ తలాడించి కళ్ళు మూసుకునేవారు. పిచ్చితల్లి నమ్మేస్తోందే అనుకుంటూ దుప్పటి సర్దేదాన్ని.

ఒక సాయంత్రం ఇంటి నుంచి ఫోనొచ్చింది. కూతురికి ఆడపిల్ల పుట్టింది, నేను లేకుండానే. మంచం పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. ఆ రోజు మామ్మగారు ఏమీ అడగలేదు. కదిలే చెయ్యి నా తల మీద వేసి, రోజూ నేను చెప్పే గొంతుతోనే, మెల్లగా "ఆపోపో" అన్నారు.

అంటే ఒక్కనాడూ నన్ను నమ్మలేదన్నమాట. నా మనసు కష్టపెట్టలేక కళ్ళు మూసుకునేవారన్నమాట. ఆ తర్వాత నాకు రేపులు చాలానే వచ్చాయి, సెలవూ వచ్చింది. మామ్మగారికి మాత్రం ఆ ఒక్క రేపూ రాలేదు.