మొండయ్య డబ్బా ఎవరి దిక్కు?

గల్ఫ్ దేశంలోని సులైలో గోదాముల వెనక శుక్రవారం క్రికెట్ ఉందంటే మొండయ్యకు కాలు నిలవదు. బ్యాటు పట్టడం రాదు. ఖాళీ నూనె డబ్బాను మోకాళ్ల నడుమ ఇరికించుకుని, తల ఓ పక్కకు వాల్చి, తన ఊరి డప్పు దెబ్బ వేస్తాడు. అది ఎవరి దిక్కు మోగితే ఆ జట్టుకు పూనకమే. తెలుగు జట్టు పోయినవారమే ఓడింది. ఇవాళ సెమీఫైనల్లో సూపర్‌వైజర్ల జట్టు మీద, మరుగుదొడ్లు కడిగే బంగ్లాదేశీల జట్టు ఆడుతోంది.

"ఇటు రా మొండయ్యా," సూపర్‌వైజర్ నాగేందర్ నవ్వుతూ కుర్చీ జరిపాడు. "నీ సెలవుకు సంతకం పెట్టేది నేనే, యాదుంచుకో." ఊరెళ్లడానికి రెండేళ్లకొకసారి దొరికే సెలవు మరి. మొండయ్య వెళ్లి కూర్చున్నాడు. అవతల బంగ్లాదేశీ షాహిన్ బంతిని గోదాము రేకుల మీదికి లేపాడు. డబ్బా దడదడా మోగింది.

"అరే, అది వాళ్ల సిక్సరు!"

"ఎరికే సారూ. చేతులు ఆగలే." మొండయ్య డబ్బా చంకన పెట్టుకుని లేచాడు. "సంతకం మీది, దెబ్బ నాది," అంటూ పిచ్ మీదుగానే అవతలికి నడిచాడు. ఆట ఆగిపోయింది. షాహిన్ బ్యాటు పక్కన పడేసి, అతను కూర్చోవడానికి ఇసుక చదును చేశాడు.