కూరల లచ్చవ్వ, రేగులపల్లె

మా చిన్నప్పుడు... గోదావరిఖనిల తెల్లారకముందే మా బాపు బొగ్గుబాయిల డ్యూటీకి పోయేటోడు. అమ్మ అప్పటికే లేదు. బడి టైం దాక క్వార్టర్ల నేనొక్కదాన్నే...

అప్పుడొచ్చేది లచ్చవ్వ. పక్కనున్న రేగులపల్లె నుంచి పుంటికూర, బీరకాయలు గంపల ఎత్తుకొచ్చి అమ్మేది. మా గడపల గంప దించి, "తిన్నవా బిడ్డా?" అని అడిగేది. తినలేదంటే తన సద్దిమూట ఇప్పేది. నాకు జడేసినంకనే మళ్ల గంపెత్తుకునేది.

ఒక ఎండకాలం నన్ను వాళ్ల ఊరికి తీస్కపోయింది. వరికోతలు నడుస్తున్నయ్... గాలిల బొగ్గు వాసనే లేదు. మాకు బాయంటే బొగ్గుబాయి, వాళ్లకు నీళ్ల బాయి. దాని గట్టుమీద లచ్చవ్వ ఒళ్లె తల పెట్టి నిద్రపోయిన. అమ్మ పోయినంక గట్ల నిద్రపట్టుడు అదే మొదలు.

ఇంకొన్నేండ్లకు ఆ ఊరు ఓపెన్ కాస్టు బొగ్గుగని కింద పోయింది. ఇండ్లు, పొలాలు, ఆ బాయి... అన్నీ. లచ్చవ్వ కొడుకు బతుకుదెరువుకు దూరం పోతున్నడు.

"మా ఇంట్లనే ఉండవ్వా" అని కొంగు పట్టుకున్న.

బాపు గుడ అన్నడు, "ఉండవ్వా, బువ్వకు ఫికర్ లేదు. నా బిడ్డకు తోడుంటవు."

ఉంది. క్వార్టర్ ఎనుక జాగ తవ్వి కూర ఇత్తనాలు చల్లింది. మొలిచినయ్... కాని ఆకుల నిండ నల్లటి దుమ్మే. రోజూ కడిగేది, తెల్లారితే మళ్ల అదే.

"నాకు ఈడ మనసున పడ్తలేదు బిడ్డా" అన్నది ఒకనాడు.

ఒక సాయంత్రం బడినుంచి వచ్చేసరికి తలుపుకు తాళం. కొడుకొచ్చి తీస్కపోయిండని పక్కింటి అక్క చెప్పింది. నన్ను చూస్తే కాలు కదలదని, నేను రాకముందే ఎల్లిపోయిందట...

మళ్ల లచ్చవ్వను చూడలే. ఏ ఊర్ల ఉందో, అసలు ఉందో లేదో...

ఇప్పుడు కూరలు లారీలల్ల వస్తున్నయ్, ఎవరు పండిస్తరో తెల్వది. నేను డ్యూటీకి పోతుంటే బస్సుల కండక్టర్ ఇప్పటికీ "రేగులపల్లె... రేగులపల్లె" అని పిలుస్తడు. కిటికీల నుంచి చూస్తే పెద్ద గుంత, మట్టిగుట్టలు.

పేరు తప్ప ఏం మిగలని ఊరు మీకు గుడ ఉంటే, ఆ పేరు కింద రాయుండ్రి... నాకైతే ఆ పిలుపు వినంగనే దిగాలనిపిస్తది. దిగి ఎవరింటికి పోవాలె?