పొట్టేలు ఒళ్లు విదిలించేదాకా

ఇది చచ్చినా చావని ఒక ప్రాణి మహాగాథ. దేవత కోపం, కత్తి, నెత్తురు, అన్నీ ఉన్నాయి. కాండలు కాండలుగా రాయాల్సినంత ఉందని నాకు నేనే చెప్పుకుని కూర్చున్నాను. తీరా చూస్తే ఉన్నది మా చిన్నాయన మడమ మీద పుండు, ఒక పొట్టేలు తొడ ఎముక. అంతే.

చిన్నాయన అంటే మా చిన్నమ్మ మొగుడు. మైదుకూరు నుంచి బద్వేలు పోయే దారిలో వాళ్ల ఊరు. షుగరు మనిషి. మడమ మీద పుండు లేచి నెలల తరబడి మానకపోతే చిన్నమ్మ ఊరి దేవతకు పొట్టేలును మొక్కుకుంది. పుండు మానింది. అన్నాళ్లూ కట్టు కట్టిన నర్సుకు మాత్రం ఎవరూ ఏమీ మొక్కలేదు.

మొక్కు తీర్చే రోజు నేనూ వెళ్లాను. మా వైపు పొట్టేలు మీద పసుపునీళ్లు చల్లి ఆగుతారు. అది ఒళ్లు విదిలిస్తే దేవత ఒప్పుకున్నట్టు, సెలవు ఇచ్చినట్టు; అప్పుడే కత్తి లేస్తుంది. ఆ పొట్టేలు విదిలించలేదు. నీళ్లు కారుతూ నిలబడి మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. తప్పెట ఆగిపోయింది. ఎండలో అంతమంది ఒక పొట్టేలు చర్మం కదలడం కోసం ఊపిరి బిగబట్టి ఉన్నారు. చివరికి మెడ దగ్గర కాస్త వణికింది. "ఇచ్చింది, ఇచ్చింది" అన్నారు ఆకలి మీదున్నవాళ్లు. కత్తి లేచింది. చిన్నమ్మ మొహం తిప్పుకుంది.

నేను కర్నూలులో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎముక మజ్జలోని మూలకణాలను హైడ్రోజెల్‌లో పెంచి, అరిగిన కీలుకు అతుకు తయారు చేయవచ్చా అని చూడడం నా పని. హైడ్రోజెల్ అంటే దాదాపు అంతా నీళ్లే ఉండే, జున్నులాంటి మెత్తని ముద్ద. గోడ లేచేదాకా మేస్త్రీ కట్టుకునే పరంజా లాగా, కణాలు పట్టుకుని ఎదగడానికి అది ఆధారం. మాంసం అంగడి ఎముకలు తెచ్చినప్పుడల్లా బూజు తప్ప ఏదీ ఎదగలేదు. అందుకని ఆ పొట్టేలు తొడ ఎముక అడిగి తీసుకుని, ఐసు వేసిన థర్మోకోల్ డబ్బాలో కర్నూలుకు తెచ్చాను. బస్సులో పక్కాయన చేపలా అని అడిగాడు.

ఆ కణాలు బతికాయి. బాగా బతికాయి. సంతోషం పట్టలేక చిన్నమ్మకు ఫోన్ చేసి, "మీ పొట్టేలు ఈడ బతికే ఉండాది చిన్నమ్మా, దినామూ తింటాంది" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ వారమే చిన్నాయన మడమ మీద పుండు మళ్లీ పగిలింది.

కర్నూలు ఆసుపత్రిలో చూపిస్తే వెంటనే చేరమన్నారు. కుళ్లిన కండ కోసి తీయకపోతే పాదం దక్కదన్నారు. చిన్నమ్మ ఒప్పుకోలేదు. ఆటో ఎక్కించుకుని ఆయనను నేరుగా మా ల్యాబుకు తెచ్చింది.

"దేవతకిచ్చిన జీవం యాడనో బతికుంటే, మీ చిన్నాయన కాలి మీద కత్తి పెట్టనిస్తానా?"

"అది పొట్టేలు కాదు చిన్నమ్మా. కణాలు."

"నువ్వే గదరా అంటివి, తింటాందని."

చిన్నాయన ఒళ్లు అప్పటికే జ్వరంతో కాలుతోంది. స్టూలు మీద కూలబడి, "నన్ను కోసేదానికి పొట్టేలు సంతకం కావాల్నంటరా" అన్నాడు.

"సరే, ఇప్పుడే పారబోస్తా" అన్నాను. నా థీసిస్‌లో సగం అది.

"ఒప్పుకోకుండా చంపితే ఇంగా పాపం. దాన్ని అడగల్ల" అంది చిన్నమ్మ.

కణాలను పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీస్తే మనిషి ఒంటి వేడి మొహానికి తగిలింది. గుంటల ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టాను. గుంటల్లో గులాబీ రంగు ద్రవం, అడుగున జెల్ బిళ్లలు.

"నెత్తురు నీళ్లా?"

"దాని మేత." దూడ నెత్తుటి నుంచి తీసిన సీరం అందులో ఉందన్న వివరం ఆ పూటకు అనవసరమనిపించింది.

చిన్నమ్మ వంగి చూసింది. "మొదట్నించీ ఇంతేనా ఇవి?"

కాదు. పోసినప్పుడు గుంట నిండా ఉన్న జెల్ ఇప్పుడు అంచులు వదిలి నడుమకు ముడుచుకుని ఉంది. లోపలి కణాలు దాన్ని పట్టుకుని లాగుతాయి. మామూలే, పుస్తకాల్లో ఉన్నదే. అది ఆమెకు చెబుతుంటే నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

"ముడుక్కునింది. భయం దానికి" అంది. సంచిలోంచి సీసా తీసి వేపరెమ్మతో పసుపునీళ్లు చల్లింది. నేను బతిమాలాక, మూత తీయకుండా పైన మాత్రమే చల్లింది.

ఆదివారం. భవనంలో మరెవరూ లేరు. పక్కనున్న ఫ్రిజ్జు కూడా గుర్రుమనడం ఆపింది. మోకాలు బల్ల కాలికి ఆనించి పెట్టుకున్నాను. ఒక్క తోపు తోస్తే చిన్నాయన పాదం దక్కుతుంది, సైన్సు సర్దుకుపోతుంది. తోయలేదు. తోసే లోపలే అది కదిలింది.

ఒక బిళ్ల కాదు, అన్నీ. ఈగ వాలిన చోట పశువు చర్మం వణికినట్టు, అంచు నుంచి నడుమకు. ఆగింది. మళ్లీ ఒకసారి. మూత మీది పసుపు చుక్కలు మాత్రం కదలలేదు.

"ఇచ్చింది" అంది చిన్నమ్మ నెమ్మదిగా. చిన్నాయన నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు.

ఫ్రిజ్జు మోటారు మళ్లీ మొదలైందనీ, బల్ల ఫ్రిజ్జును ఆనుకునే ఉందనీ తర్వాత తేల్చాను. మోటారు ముందా, వణుకు ముందా అంటే చెప్పలేను. ఎవరూ అడగలేదు కూడా.

"ఇంగ కానీ" అంది. గుంటల్లో బ్లీచ్ పోశాను. గులాబీ రంగు వెలిసిపోయింది. ద్రవ నైట్రోజన్ డబ్బాలో అవే కణాలను గడ్డకట్టించిన సీసాలు ఇంకా ఉన్నాయని కూడా చెప్పేశాను.

"అవి తింటాండాయా?"

"లేదు. నిద్ర."

"కాలు మానేదాకా వాటిని లేపగాకు."

లేపలేదు. కణాలకు బూజు పట్టిందని మా గైడుతో చెప్పాను. ఆయనకు అలవాటైన కారణం అదే.

సాయంత్రానికి చిన్నాయన ఆసుపత్రిలో చేరాడు. కోశారు. పాదం దక్కింది. డాక్టరు మెత్తని అడుగున్న రబ్బరు చెప్పులు రాసిచ్చాడు. అవి నీళ్లలో నానితే అతుకు ఊడుతుంది, కాబట్టి బాత్రూముకు వేసుకుపోకూడదు.