మా బావ కత్తిరించిన పచ్చ తీగ

మా బావ ఒక చోట కూర్చోలేడు. ఆంప్లిఫయర్లు బాగుచేసే ఆయన షాపులో ఒక స్టూలుంది గానీ దాని మీద ఎప్పుడూ స్క్రూడ్రైవర్లే ఉంటాయి. నిలబడే తింటాడు, నడుస్తూనే ఫోన్లు మాట్లాడతాడు. పక్క షాపులో జిరాక్స్ మెషీను నడిపే మరదలిని కాబట్టి రోజంతా ఆయన చెప్పుల చప్పుడు భరించేది నేనే.

ఆయన దగ్గర ఆసిలోస్కోపు అనే పెట్టె ఉంది. కరెంటు అందులో పైకీ కిందికీ ఊగే గీతలా కనిపిస్తుంది. ఓసారి ఊరికే, "అది ఎంత ఎత్తులో ఉంది బావా?" అన్నాను.

"దేన్నుంచి ఎంత ఎత్తు? అదీ అడగాల్సింది!" ఉత్సాహం పట్టలేక రెండు చుట్లు తిరిగాడు. "వోల్టేజీ అంటే రెండు చోట్ల మధ్య తేడా. ఒకదాన్ని సున్నా అనుకుంటేనే రెండోది ఎంతో తెలుస్తుంది. ఆ సున్నానే గ్రౌండు, మనం ఎర్తు అంటామే, అదే. గీత కాసేపు దానికి పైన, కాసేపు కింద ఉంటుంది. ఆ గ్రౌండే కదిలిపోయిందనుకో, మన లెక్కలన్నీ గల్లంతే."

ఇంత తెలిసిన మనిషి ఆ పని ఎలా చేశాడో నాకిప్పటికీ అర్థం కాదు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా అక్క, అంటే ఆయన భార్య, స్కూల్లో సంగీతం టీచరు. పిల్లల పాటల కార్యక్రమానికి ముందురోజు హాల్లో మైకు పెట్టి చూస్తే స్పీకర్లో ఒకటే గుర్రు. "ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని నాకీ ఖర్మేంటండీ?" అంది నలుగురి ముందే. బావ మొహం మాడిపోయింది.

ఆంప్లిఫయరు ప్లగ్గు ఒక గోడకి, మైకులు తగిలించే మిక్సరు ప్లగ్గు ఇంకో గోడకి పెట్టారు. రెండు చోట్లా గ్రౌండు ఉంది గానీ, రెండూ సరిగ్గా ఒకే సున్నా కాదు. ఆ కాస్త తేడా ఊగుతూ, రెంటినీ కలిపే కేబుల్లోంచి పాటలోకి దూరుతోంది. రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే సరిపోయేది. బోర్డు తేవాలంటే అరగంట పడుతుంది. అక్క ఇంకా చూస్తూనే ఉంది. బావ ఆంప్లిఫయరు ప్లగ్గు విప్పి, గ్రౌండుకు వెళ్లే పచ్చ తీగను కటుక్కున కత్తిరించాడు. గుర్రు ఆగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క నవ్వింది.

మర్నాడు పదింటికి అక్క బావకి ఫోన్ చేసింది. "ఆ మిక్సరు మొరాయిస్తోందండీ, తీసేశాం. మైకు నేరుగా ఆంప్లిఫయర్‌కే పెట్టుకున్నాం. బాగానే వస్తోందిలెండి, మొదలుపెడుతున్నాం."

"ముట్టుకోకు!" అని బావ అరిచేసరికి ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

షట్టరు కూడా వేయలేదు. పనిముట్ల సంచీనీ, నన్నూ స్కూటరు ఎక్కించుకుని దారంతా కేకలేస్తూనే ఉన్నాడు. "నిన్న ఆ మిక్సరు కేబుల్ గుండా ఆంప్లిఫయరు ఇనుప పెట్టెకి గ్రౌండు అందేది, అందుకే ఫరవాలేదనుకున్నా. ఇప్పుడదీ లేదు! లోపల ఒక్క తీగ పెట్టెకి తగిలితే చాలు, కరెంటు మైకు దాకా వస్తుంది. మీ అక్క చేతిలోంచి, కాళ్ల కిందినుంచే దిగుతుంది భూమిలోకి!" అక్క చెప్పులు విప్పి పాడుతుంది.

మేం వెళ్లేసరికి హాల్లో అక్క పాడుతోంది. పక్కనే పన్నెండుమంది పిల్లలు మైకు కోసం వరుసలో నిలబడి ఉన్నారు. బావ వాళ్లను దాటుకుంటూ వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

"మీకేమైనా పిచ్చా?" అంది అక్క, హాలంతా వినేలా.

ఆయన మైకు లాక్కుని దూరంగా పెట్టాడు. ప్లగ్గు మళ్లీ పెట్టి, వోల్టేజీ కొలిచే మీటరు తీగ కొస ఒకటి ఆంప్లిఫయరు ఇనుప పెట్టెకి, ఇంకోటి గోడ సాకెట్లో గ్రౌండుకి ఆనించాడు. తొంభై నాలుగు వోల్టులు. గుర్రు లేదు, ఏ చప్పుడూ లేదు.

అక్క ఆ అంకె చూసి తన వేళ్లు చూసుకుంది. "పొద్దుట్నించీ జిల్లుమంటున్నాయి. పెదాలు కూడా. భయం వల్లేమో అనుకున్నా."

"నిన్న గ్రౌండు తీగ నేనే తెంపాను," అన్నాడు బావ. "బోర్డు తెస్తే సరిపోయేది. నువ్వు విసుక్కుంటావని..."

"నా విసుగుకి భయపడ్డారా?" అక్క గొంతు బాగా తగ్గిపోయింది. "నేను పోయుంటే ఆ బాధ ఉండేది కాదుగా."

బావ ప్లగ్గు మళ్లీ పీకాడు. మోకాళ్ల మీద కూర్చుని కొత్త ప్లగ్గు బిగించాడు, పచ్చ తీగ సహా. మీటరు సున్నా చూపించింది. ఒకటికి నాలుగుసార్లు చూసి, మైకు అక్కకి అందించబోయాడు. అక్క చేయి చాచలేదు.

"ముందు మీరు పట్టుకోండి. చెప్పులు విప్పి."

బావ చెప్పులు విప్పి, అంతమంది ముందు, రెండు చేతులా మైకు పట్టుకుని నిలబడ్డాడు. అక్క ఆయన వేళ్లనే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి మైకు అందుకుంది. పిల్లలకి మాత్రం ఇవ్వలేదు. పన్నెండు పాటలకీ తనే పక్కన నిలబడి, ఒక్కో బిడ్డ నోటి దగ్గర తన చేత్తోనే పట్టుకుంది.