తుడిచేసిన పడవలు

నిన్నటి తుంపరకు పక్కవీధిలో కొత్తగా గీసిన సున్నపు గీత తడిసి, ఆ పచ్చి వాసన మా బాల్కనీ దాకా వచ్చింది. సర్కారు కొలతలవాళ్లు గీసిన గీత అది. దానికి అవతలున్న ఇళ్లు కూల్చేస్తారట. పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ తలుపు కొట్టి, "మన సైడ్ ఏం ప్రాబ్లం లేదండీ, మనం మధ్యల పడొద్దు" అని చెప్పి వెళ్లారు. ఆ వాసనకూ ఆ మాటకూ రజియా టీచర్ గుర్తొచ్చి మనసంతా పాడైంది.

కాప్రాలో మా బడికి ఆవిడ సోషల్ టీచర్. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఏ యుద్ధమైనా ఓడినవాళ్ల వైపు నుంచే చెప్పేవారు. ఒకరోజు బల్లలన్నీ గోడకు జరిపించి, నేల మీద సుద్దతో గుర్రపు నాడాలా వంపు తిరిగిన నదిని గీశారు. అది రెండొందల ఏళ్ల కిందటి అమెరికాలోని నది అట. వంపు లోపల మమ్మల్ని నిలబెట్టి, మీరు క్రీకులనే ఆదివాసులు, ఈ నేల మీది అన్నారు. మా వెనక ఒడ్డున పడవలు గీశారు. ముందు దుంగల గోడ, దాని అవతల అమెరికా సిపాయిలు. మేం కేకలేస్తూ గోడ కాపాడుకుంటుంటే, ఆవిడ చప్పుడు లేకుండా వెనక్కి వెళ్లి పడవలన్నీ డస్టర్‌తో తుడిచేశారు. ఇక పారిపోండి అన్నప్పుడు తిరిగి చూసి నేను ఏడ్చేశాను.

"పడవలు పట్టుకపోయింది సిపాయిలు కాదు బిడ్డా. పక్క తెగోళ్లు. కొందరు క్రీకులు సుత సిపాయిల దిక్కే ఉన్నరు. గట్లుంటే మన జాగ మనకుంటదనుకున్నరు."

యుద్ధం అయ్యాక సర్కారు తన వైపు నిలిచిన క్రీకుల భూములు కూడా గుంజుకుందని చెప్పి, గంట కొట్టకముందే పాఠం ముగించారు.

రిటైరయ్యాక ఆవిడ కట్టుకున్న రెండు గదుల ఇల్లు చెరువు హద్దులోకి వస్తుందన్నారు. కొలతలవాళ్లతో తిరిగి ఎవరి ఇల్లు ఏదో చూపించింది పక్కింటి యాదగిరి. తన ఇల్లు వదిలేస్తామని వాళ్ల దగ్గర మాట తీసుకున్నాడు. కూల్చేరోజు నేను వెళ్లేసరికి టీచర్ వేపచెట్టు కింద, బియ్యం డబ్బా పక్కన చాప మీద కూర్చుని ఉన్నారు. పొక్లెయినర్ ఆవిడ ఇల్లు పడగొట్టి, ఆగకుండా యాదగిరి గోడ మీదికి పోయింది. అతను అధికారుల వెంటపడి బతిమాలి, చివరికి టీచర్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నన్ను ఇడిసిపెడ్తమన్నరు టీచర్."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం చాప మీద జరిగి చోటిచ్చారు.

"కూసో యాదగిరీ. పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా?"

అద్దె గదిలో ఆవిడ ఆ చలికాలం దాటలేదు. ఆవిడను మోసుకెళ్తున్న జనాజా వెనక యాదగిరి ఏడుస్తూ నడిచాడు. ఆవిడ ఓర్పు నాకు అబ్బలేదు, అతన్ని ఇప్పటికీ పలకరించను. అబ్బింది ఒక్కటే. మనకేం కాదని ఎవరన్నా అంటే వెనక్కి తిరిగి పడవల కోసం చూస్తాను.

సాయంత్రం చెప్పులేసుకుని పక్కవీధికి వెళ్లాను. గీత అవతల ఒకావిడ సంచిలో గిన్నెలు సర్దుతోంది. నేనెక్కడుంటానో అడిగితే మా అపార్ట్‌మెంట్ చూపించాను.

"మీ దిక్కు ఏం లేదంట గదమ్మా" అంది.

"ఇప్పటికైతే లేదు" అని, గీత దాటి ఆమె పక్కన కూర్చున్నాను.